వ్యాయామశాలలో శుచిత్వం

ఉత్తరాంధ్ర నేల బలసాధనకు పేరెన్నికగన్నది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఆపై సర్కస్ సంస్థను నెలకొల్పి ‘కలియుగ భీముడు’గా ప్రఖ్యాతి పొందారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోల బరువులెత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అనే పల్లె నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లి పతకం తెచ్చారు. ఇటువంటి వారి అడుగుజాడల్లో నేటి యువతీయువకులు వ్యాయామశాలల బాట పట్టడం అభినందనీయం. అయితే బలాన్ని ఆర్జించే చోటనే రోగాన్ని కొనితెచ్చుకొంటే ఆ శ్రమకు అర్థమేముంది?

పూర్వం గరిడీలలో, తాలింఖానాలలో సాధకులు పాదరక్షలు వెలుపల విడిచి, ఆంజనేయునికి మొక్కి లోనికి అడుగుపెట్టేవారు. మల్లయోధులు గోదా మట్టిలో పసుపు, నూనె కలిపే ఆచారం ఉండేది. సూక్ష్మజీవుల సంగతి తెలియకపోయినా, సాధన చేసే తావు పవిత్రమైనదనే భావన వారిని శుచిగా ఉంచింది. నేడు సూక్ష్మజీవుల సంగతి తెలిసింది, పరికరాలు పెరిగాయి. ఆ నియమం మాత్రం సడలింది.

బరువులెత్తే కడ్డీకి పట్టు కోసం గరుకుదనం ఉంటుంది. ఆ ఒరిపిడికి అరచేతులు కాయలు కాస్తాయి. ఒక్కొక్కప్పుడు చర్మం చిట్లుతుంది. ఆ చిట్లిన చోటే స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియాకు ద్వారమవుతుంది. సెగగడ్డలు లేచి చీము పడతాయి. తీరప్రాంతపు ఉక్క గాలిలో చెమట త్వరగా ఆరదు. ఆ తడి తామరను కలిగించే శిలీంధ్రాలకు అనుకూలం. ఒకరు తుడుచుకొన్న తువాలు వేరొకరి చేతికి వెళితే వ్యాధి కూడా వెంట వెళుతుంది.

ఇది కేవలం పేదల సమస్య కాదు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ రామ్స్ ఫుట్‌బాల్ జట్టులో 58 మంది క్రీడాకారులలో ఐదుగురికి మందులకు లొంగని స్టెఫైలోకాకస్ సోకింది. ఆటలో కలిగిన చర్మపు గీతలతోపాటు, తువాళ్లను పంచుకోవడం, చేతులు కడుక్కొనే అలవాటు కొరవడడం వంటి లోపాలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. సంపద ఉన్నంత మాత్రాన శుచిత్వం దానంతట అదే రాదని ఈ ఉదంతం చాటుతోంది.

వ్యాధి సోకినప్పుడు దానిని దాచడం మరొక దోషం. సిగ్గుతో, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంట్లో సైతం చెప్పరు. మందుల దుకాణంలో దొరికిన లేపనాన్ని పూసుకొంటారు. స్టెరాయిడ్ కలిసిన లేపనాలు దురదను అణచి, తామరను లోలోపల పెంచుతాయి. సాధారణ మందులకు లొంగని తామర శిలీంధ్రాన్ని 2020లో శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా గుర్తించి ‘ఇండోటీనియే’ అని పేరు పెట్టారు. ఆ పేరులో భారతదేశం వినిపించడం మేల్కొల్పు కావాలి. సైన్యంలోనో పోలీసు శాఖలోనో చేరాలని నెలల తరబడి చెమటోడ్చిన యువకుడికి, వైద్యపరీక్ష నాడు చర్మవ్యాధి అడ్డు నిలిస్తే అది ఒక కుటుంబపు ఆశను దెబ్బతీస్తుంది.

శుభ్రత నిర్వాహకుల బాధ్యత అని కొందరంటారు. రుసుము తీసుకొనేవారు నీరు, సబ్బు, గాలి వెలుతురు సమకూర్చవలసిందే. కాని తాను పడుకొన్న బల్లపై చెమటను తుడవడానికి వేరొకరు రావాలనుకోవడం సంస్కారం కాదు. సొంత తువాలు వెంట తెచ్చుకోవడం, గాయాన్ని కట్టు కట్టి కప్పడం, సాధనకు ముందూ వెనుకా సబ్బుతో చేతులు కడుక్కోవడం, స్నానం చేసి వేళ్ల సందులు తుడుచుకోవడం, ఉతికి ఆరిన బట్టలే ధరించడం: వీటికి కావలసింది డబ్బు కన్న శ్రద్ధ. మచ్చ, పుండు కనబడితే దాచక వైద్యుని చూడాలి. నయమయ్యే వరకు సాధన మానడం పిరికితనం కాదు, తోటివారి పట్ల మర్యాద.

కండబలం తనకొక్కడికే మేలు చేస్తుంది. శుచిత్వం తన తర్వాత ఆ బరువునెత్తే అపరిచితునికి కూడా మేలు చేస్తుంది. బలవంతునికి ఆ ఎరుకే అసలైన అలంకారమని విద్యార్థులు గ్రహించాలి.