నదికి నాయకులు దొరికేరు, గ్రామసభకే ఎవరూ దొరకలేదు

పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి. కొందరికి కోపం రావచ్చు. వస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివేక తిట్టండి.

మొన్న ఆదివారం నాగావళి ఒడ్డున నది పరిరక్షణ కార్యక్రమం పెట్టేరు. మన హాస్టల్ నుంచి నలభై మందిని బస్సులో తీసుకెళ్లేరు. టీషర్టులిచ్చేరు, చేతికి గ్లౌజులిచ్చేరు. రెండు గంటలు ఎండలో ప్లాస్టిక్ ఏరేం. పాలిథిన్ కవర్లు, మందు సీసాలు, పెళ్లి భోజనాల ప్లేట్లు, దేవుడి ఫొటోలు, అన్నీ ఏరేం. తర్వాత షామియానా కింద మీటింగ్. వేదిక మీద తొమ్మిది కుర్చీలు వేసేరు. తొమ్మిదిలో ఒక్కదాని మీద కూడా కొండ మీద మనిషి కూర్చోలేదు. మన ఆడపిల్లల చేత థింసా మాత్రం ఆడించేరు.

ఆ తర్వాత ఆ సంఘం నడిపే పెద్దాయన మైకు తీసుకున్నారు. "పైన కొండల్లో పోడు కొట్టడం వల్లే నదిలోకి మట్టి వస్తోంది, ఊటలు ఎండిపోతున్నాయి. ముందు గిరిజనులకు అవగాహన కల్పించాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టేరు. మేమూ కొట్టేం. నేనూ కొట్టేను. ఆ సిగ్గుతోనే ఈ పోస్టు రాస్తున్నా.

ముందుగా ఒకటి ఒప్పుకుంటాను. ఆ వాలంటీర్లు చెడ్డవాళ్లు కారు. జీతం లేదు, పదవి లేదు. ఆదివారం ఇంట్లో పడుకోకుండా వచ్చి బురదలో దిగుతున్నారు. సొంత డబ్బులు పెట్టి సంచులు కొంటున్నారు. వాళ్లలో రిటైరైన మేష్టార్లున్నారు, షాపులవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. వాళ్ల చెమట అబద్ధం కాదు. నా గొడవ వాళ్ల చెమటతో కాదు, వాళ్ల నాయకత్వంతో. నది అంటే వాళ్ల ఊరి బ్రిడ్జి కింద కనిపించే ముక్క అనుకుంటున్నారు. ఆ ముక్కకి వాళ్లు నాయకులు, దాని పైన ఉన్నవాళ్లందరూ అవగాహన లేనివాళ్లు. ఈ లెక్క తప్పు.

నాగావళి ఎక్కడ పుట్టింది? ఒడిశాలో, కలహండి కొండల్లో. అక్కణ్ణించి రాయగడ మీదుగా మన పార్వతీపురం మన్యంలోకి దిగి, శ్రీకాకుళం దాటి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో జంఝావతి కలుస్తుంది, వట్టిగెడ్డ కలుస్తుంది, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. వాటిలోకి పేరు లేని వందల గెడ్డలు దిగుతాయి. ఆ గెడ్డల పక్కన ఎవరున్నారు? సవరలం ఉన్నాం, జాతాపులం ఉన్నాం, గదబలు, కొండదొరలు ఉన్నారు. పైన ఒడిశాలో కోందులున్నారు. మనకి గెడ్డ అంటే విహారం కాదు. గెడ్డ తేడా చేస్తే ఆ రోజు వంట ఆగిపోద్ది, వానాకాలమైతే ఇంట్లో ఒకరికి విరేచనాలు, జ్వరం. నది ఆరోగ్యం ఎలా ఉందో మన ఒంటికి ముందు తెలుస్తుంది. అలాంటి మనకి అవగాహన లేదట.

పోడు సంగతి మాట్లాడదాం, దాచుకోను. పోడు వల్ల ఏ నష్టమూ లేదని నేననను. మా తాతల కాలంలో ఒక చోట కొట్టిన పోడుని కొన్నేళ్లు విడిచిపెట్టేవారు, చెట్టూచేమా మళ్లీ లేచేది. ఇప్పుడు కుటుంబాలు పెరిగేయి, చోటు తగ్గింది, విడుపు తగ్గింది. నిటారు వాలు మీద ఏటా దున్నితే మట్టి కోసుకుపోతుంది. నిజమే. కానీ గెడ్డ వెంబడి మన పెద్దలు రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా కట్టిన మళ్లు ఆ పెద్దాయన ఎప్పుడైనా చూశారా? పై మడిలో నీరు కింది మడికి దిగుతుంది, మట్టి అక్కడికక్కడే ఆగుతుంది. సిమెంటు లేదు, కాంట్రాక్టరు లేడు. మట్టిని ఆపడం ఎలాగో చెప్పాలంటే ఆ మైకు ఎవరి చేతికి ఇవ్వాలి?

పోనీ మట్టి గురించి అంత దిగులున్న మనిషి ఇసుక గురించి ఏం మాట్లాడేరు? ఒక్క ముక్క లేదు. మేం ప్లాస్టిక్ ఏరుతుంటే పక్కనే ఇసుకలో ట్రాక్టర్ల టైర్ల జాడలున్నాయి. అందరం వాటి మీంచే నడిచేం. ఇసుక అంటే నది దాచుకున్న నీళ్లు. అడ్డగోలుగా తోడేస్తే నది అడుగు కిందికి దిగుతుంది, ఒడ్డు మీద బావుల్లో నీళ్లు కూడా దానితో దిగుతాయి. ఇది ఒడ్డున ఉన్న ఏ రైతునడిగినా చెప్తాడు. 2012లో సుప్రీంకోర్టు చిన్న ఖనిజాల తవ్వకానికి, అయిదు హెక్టార్ల లోపు లీజులకైనా సరే, పర్యావరణ అనుమతి ఉండాలంది. ఆ అనుమతి కాగితం చూపించమని ఆ సంఘం ఎవర్నైనా అడిగిందా?

మురుగు గురించి? 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు కలుషితమయ్యాయని లెక్క తేల్చింది. అందులో మన నాగావళి కూడా ఉంది. ఆ కాలుష్యం పోడు నుంచి రాదు కదా. పట్టణాల డ్రైనేజీ నుంచి వస్తుంది, ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. ఆ డ్రైను నోరు మేం ప్లాస్టిక్ ఏరిన చోటికి కూతవేటు దూరంలో ఉంది. ప్లాస్టిక్ ఏరితే ఎవరికీ కోపం రాదు. ఇసుక గురించి అడిగితే వస్తుంది, డ్రైను గురించి అడిగితే వస్తుంది. పోడు గురించి మాట్లాడితే మాత్రం ఎవరికీ రాదు, ఎందుకంటే పోడు చేసేవాడు వేదిక మీద లేడు, వేదికకి చందా కూడా ఇవ్వలేదు.

సాలూరు, పాచిపెంట వైపు కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు అంటున్నారు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. కొండల్లో గిరిజనులు వద్దని రోడ్డెక్కేరు. నది కోసం పనిచేసే సంఘాలకి ఇది నది విషయం కాదా? ఒక్క సంఘం ఆ ఊళ్లకెళ్లి "మీరేమంటారు" అని అడిగితే వాళ్ల కాళ్లకి దండం పెడతాను.

ఇక అసలు విషయం. నదిని కాపాడటానికి కొత్త సంఘం అక్కర్లేదు. చట్టం ముందే ఒక సంఘాన్ని పెట్టి, అధికారం ఇచ్చి, మన ఊళ్లోనే ఉంచింది. దాని పేరు గ్రామసభ.

2006 అటవీ హక్కుల చట్టం తీసి చూడండి. సెక్షన్ 3లో అడవిలోని నీటి వనరుల మీద, అందులోని చేపల మీద ఊరికి ఉమ్మడి హక్కు ఉంది. సెక్షన్ 5లో పరివాహక ప్రాంతాన్నీ నీటి వనరుల్నీ కాపాడే అధికారం హక్కుదారులకీ గ్రామసభకీ ఉంది. ఆ పని చెయ్యడానికి గ్రామసభ తన సభ్యులతోనే ఒక కమిటీ వేసుకోవాలని రూల్ 4 చెప్తుంది. 1996 పీసా చట్టం షెడ్యూల్డు ఏరియాలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి అప్పజెప్పింది. చిన్న ఖనిజాలకి లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు ఉండాలంది. మన జిల్లాల్లో చాలా గిరిజన ఊళ్లు షెడ్యూల్డు ఏరియాలో లేవు, పీసా వాటికి అందదు. కానీ అటవీ హక్కుల చట్టం అక్కడా వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలీదు, గుర్తు పెట్టుకోండి.

చట్టం కాగితం మీదే కదా అంటారు. అయితే పైకి చూడండి. నియమగిరి కొండల ఊటలు మన వంశధారలోకీ నాగావళిలోకీ దిగుతాయి. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వుతామన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయం గ్రామసభల ముందు పెట్టమంది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగేయి. డోంగ్రియా కోందులు, వాళ్ల పక్క ఊళ్లవాళ్లు కూర్చున్నారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. మన రెండు నదులకీ ఈ మధ్య కాలంలో జరిగిన అతి పెద్ద రక్షణ అదీ. దాన్ని చేసినవాళ్లకి టీషర్టుల్లేవు. వాళ్లకి అవగాహన కల్పించడానికి కింద నుంచి ఎవరూ వెళ్లలేదు. కింద శ్రీకాకుళంలో ఆ నీళ్లు తాగినవాళ్లలో ఎంతమందికి ఆ పన్నెండు ఊళ్ల సంగతి తెలుసు?

బయటివాళ్లు రావొద్దని కాదు నేననేది. వచ్చే పద్ధతి ఒకటుంది. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరికి వచ్చినప్పుడు ముందు ఏం చేసేరు? సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని మన భాష నేర్చుకున్నారు. ముందు ఆయన విద్యార్థి, ఆ తర్వాతే మేష్టారు. సొంత డబ్బుతో మన పిల్లలకి మన భాషలో బడి పెట్టేరు. ప్రతి ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేస్తున్నారు కదా, ఈ ఒక్క పద్ధతి కూడా నేర్చుకోండి.

ఇప్పుడు మన వంతు. ఇక్కణ్ణించి కోపం మన మీదే.

ఆ రోజు సాయంత్రం ఊరెళ్లి మా చిన్నాయనకి చెప్పేను, నది కోసం పనిచేసి వచ్చేనని. ఆయన నవ్వి, "ఏటిరా బాబూ, అక్కడ సంచి పట్టుకున్నావు సరే. మొన్న మన గ్రామసభకి రమ్మంటే పరీక్షన్నావు కదా" అన్నాడు. నాకు సమాధానం లేదు. మీకుందా?

మనం గోడల మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాం. జల్ ముందు రాస్తాం. మరి దరఖాస్తు దగ్గర? ఊరంతా ఫారం ఎ పట్టుకుని తిరిగింది, నా ఎకరా, నా పట్టా అని. అది తప్పు కాదు, పట్టా కావాలి. కానీ ఉమ్మడి హక్కులకి ఫారం బి ఉంది, సామూహిక అటవీ వనరుకి ఫారం సి ఉంది. మీ ఊళ్లో అవి పెట్టేరా? పెట్టేరో లేదో తెలుసా? జమీన్ కోసం క్యూ కట్టేం, జల్ కోసం ఒక్కరూ నిలబడలేదు.

గెడ్డలో బ్లీచింగు పౌడరు చల్లి చేపలు పట్టేది కూడా మనలోనే కొందరు కుర్రాళ్లు. దాచకండి. చేపపిల్ల దగ్గర్నుంచి పురుగు దాకా చచ్చిపోతాయి, కింద ఊరు అదే నీళ్లు తాగుతుంది. దాన్ని ఆపేది పట్నం వాలంటీరు కాదు, ఊరి తీర్మానం. మరి గ్రామసభలు సరిగ్గా జరుగుతున్నాయా అంటే, చాలాచోట్ల జరగట్లేదు. పుస్తకం ఇంటికొస్తుంది, సంతకం పెడతారు, అయిపోద్ది. అటవీ హక్కుల రూల్స్ ప్రకారం సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అలా జరగట్లేదంటే గ్రామసభ చేతకానిదని కాదు. చదువుకున్న మనం అక్కడ లేమని.

అందుకే అడుగుతున్నా. సంక్రాంతికి అందరం ఊరెళ్తాం కదా. ఈసారి నాలుగు పనులు చేద్దాం. ఊరి గెడ్డలన్నీ పెద్దవాళ్లతో నడిచి పేర్లు రాయండి, ఏ ఊట ఏ నెలలో ఆగుతోందో రాయండి. ఫారం బి, ఫారం సి పెట్టేరో లేదో అటవీ హక్కుల కమిటీని అడగండి, లేకపోతే రాయడానికి కూర్చోండి. గ్రామసభలో సెక్షన్ 5 కమిటీ వెయ్యమని అడగండి, గెడ్డ దగ్గర నీళ్లు మోసే ఆడవాళ్లని అందులో ముందు పెట్టండి. బ్లీచింగు మీద తీర్మానం చేయించండి.

నది సంఘాల పెద్దలకి కూడా ఒక మాట. ఈసారి బస్సు పంపితే వస్తాం. కానీ థింసా ఆడటానికి రాం. మా గ్రామసభ తీర్మానం పట్టుకుని వస్తాం, మాకు మైకు ఇవ్వండి. ఇసుక కాగితం అడగడానికి మీరు ముందు నడవండి, డ్రైను దగ్గర మీ మున్సిపాలిటీని మీరు నిలదియ్యండి, మీ వెనక మేం నడుస్తాం. పైన గెడ్డ సంగతి వచ్చినప్పుడు మా వెనక మీరు నడవండి. అలా అయితే ఆ టీషర్టు మళ్లీ వేసుకుంటాను. లేకపోతే మడత పెట్టి ఉంచేను, వచ్చి పట్టుకెళ్లండి.

జోహార్. జల్, జంగల్, జమీన్. ఈసారి జల్ నుంచి మొదలెడదాం.