తెలిసీ చెప్పకపోతే ఎట్లా?

నేనింకా విమానం ఎక్కలేదు. అయినా నా అభిప్రాయం రాస్తున్నాను.

2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో ఇంకో విమానం కూలి 157 మంది పోయారు. రెండూ బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలే. విమానం ముక్కును దానంతట అదే కిందికి వంచే ఏర్పాటు వాటిలో ఉంది. సెన్సార్లు రెండున్నా అది ఒక్కదాని మాటే వినేది. ఆ ఒక్కటీ తప్పు చెప్పింది. లయన్ ఎయిర్ పైలట్లకిచ్చిన పుస్తకంలో ఈ ఏర్పాటు సంగతే లేదు!

తర్వాత రెండు సెన్సార్లనూ పోల్చి చూసేట్టు మార్చారు. ముందే చేస్తే ఏం పోయేది? అమెరికా ప్రభుత్వాన్ని మోసగించిందన్న కేసులో కంపెనీ 2021లో 250 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకుంది. డబ్బు కడితే నమ్మకం వస్తుందా?

మా ఊళ్ళో వాగు దాటేటప్పుడు గుంట ఎక్కడుందో తెలిసినోళ్ళు ముందే కేకేసి చెబుతారు. తెలిసీ చెప్పకుండా మనల్ని దింపినోళ్ళను మళ్ళీ నమ్ముతామా? యంత్రమన్నాక లోపం వస్తుంది. దాన్ని దాచడమే పెద్ద తప్పు అని నేనంటాను. మీరేమంటారు?

– 9వ తరగతి విద్యార్థిని