నష్టం మనకు, రాయల్టీ ఖజానాకా?



అమెరికాలోని టెక్సాస్‌లో, హక్కు విడిగా అమ్ముకోకపోతే, పొలం కిందున్న చమురు, గ్యాసు కూడా భూయజమానివే. అయినా రైతు బావి తవ్వడు. ఆ ఖర్చు కోట్లలో ఉంటుంది. చమురు పడకపోతే నష్టం కంపెనీది. లీజుకిచ్చిన రైతుకు మాత్రం పెట్టుబడి లేకుండా ఉత్పత్తిలో వాటా వస్తుంది. పాత ఆనవాయితీ ఎనిమిదో వంతు.

మన కోనసీమలో పొలం మనది, కింద గ్యాసు ప్రభుత్వానిది. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. పైపులైను వేస్తే 1962 చట్టం ప్రకారం భూమి విలువలో 10 శాతం, పంట నష్టం ఇచ్చి సరిపెడతారు. ప్రమాదం మాత్రం మనదే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు.

బావుల్లో వాటా మనకొద్దు, అది జూదం. మనం అడిగేది రాయల్టీలో వాటా. బొగ్గు, ఇనుము గనుల ప్రాంతాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. చమురు, గ్యాసు ఆ చట్టంలోకి రావు. అలాంటి నిధి మన ఊళ్లకూ పెట్టాలి. దాని ఖర్చు గ్రామసభే నిర్ణయించాలి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టిద్దాం.