బెండా? రబ్బరా?

మన సంఘంలోని కొన్ని ఇండ్లలో నాన్నగారి నాటి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు ఇంకా ఉన్నవి. వాటిని గురించి తరచుగా వినవచ్చే మాట ఒకటే: “ఇంజను కింద ఆయిలు కారుతున్నది. ఇంజను దింపాలని మేస్త్రీ అంటున్నాడు. అంత ఖర్చు పెట్టే బదులు పాత ఇనుముకు ఇచ్చేస్తే పోదా?” ఆ నిర్ణయానికి రాకముందు చూడవలసిన వస్తువు ఒకటి ఉన్నది. దాని పేరు ట్యాపెట్ కవరు ప్యాకింగు. ఈ నెల మా ముచ్చట దాన్ని గురించే.

ఇంజను నెత్తిన ఒక రేకు మూత ఉంటుంది. దాని కింద వాల్వులను నొక్కే రాకర్లు ఆడుతుంటవి, వాటిమీద ఆయిలు చిమ్ముతుంటుంది. మూతకూ హెడ్డుకూ నడుమ వేసే పట్టీయే ప్యాకింగు. వంటింట్లో కుక్కరు మూతకు రబ్బరు ఉన్నట్టే అనుకోండి. అయితే కుక్కరులో ఆవిరి బలంగా తన్నుతుంది. ఇక్కడ, ఇంజను బాగున్నంతవరకు, ఒత్తిడి నామమాత్రం. చిమ్మే ఆయిలును ఆపితే చాలు.

ఈ పట్టీ పాడైతే ఆయిలు ఇంజను పక్కగా జారి అడుగుకు చేరుతుంది. చూచేవారికి అది అడుగునుంచే కారినట్టు కనబడుతుంది. కింది సీలు పోయిందని తీర్పు చెప్పడం అందువల్లనే. ఖర్చు సంగతి అలా ఉంచి, ప్రమాదం కూడా ఉన్నది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజనులో ఎగ్జాస్టు మానిఫోల్డు ఈ మూతకు ఒక పక్కన, కాస్త కిందుగా ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన చంద్రపూరు ఎండలో, రాజురా, వాంకిడి, ఆసిఫాబాదుల మీదుగా మంచిర్యాల పెళ్ళికి పోతున్నప్పుడు, ఆ కాలే ఇనుముమీద ఆయిలు బొట్లు పడితే మొదట కమురు వాసన, ఆపైన పొగ. మంట రేగినా రేగవచ్చు.

కనుక ముందు పరీక్ష చేయండి. ఇంజను చల్లారిన తరువాత మూత చుట్టూ, పక్కలా జిడ్డు లేకుండా తుడిచి, అంచు వెంబడి ముఖానికి వేసుకునే పౌడరు చల్లండి. పది నిమిషాలు బండి నడిపి చూడండి. పౌడరు ఎక్కడ తడిసిందో కారేది అక్కడ. పైన పొడిగానే ఉండి అడుగు మాత్రం తడిస్తే మేస్త్రీ మాటే నిజం కావచ్చు.

ఇక ఎంపిక. బజారులో ముఖ్యంగా రెండు రకాలు: బెండు, రబ్బరు. బెండు ఒక రకం ఓకు చెట్టు బెరడు; పోర్చుగల్ దేశంలో తొమ్మిదేండ్లకు ఒకసారి ఒలుస్తారు. దాని నిండా గాలి నిండిన గదులు. అందువల్ల నొక్కితే అణుగుతుందే తప్ప పక్కలకు అంతగా పొంగదు; ఎగుడుదిగుడు అంచునైనా సర్దుకుంటుంది. పాత రేకు మూతకు ఇది అనుకూలం. దోషమేమంటే, వేడికి అప్పడంలా గట్టిపడి పగులుతుంది. మన వేసవి పొడిగాలికి దుకాణంలోనే కుంచించుకుపోయి రంధ్రాలు కలవకపోవచ్చు. అప్పుడు పారవేయకండి. గోరువెచ్చని నీళ్ళలో కొంతసేపు నాననిస్తే మళ్ళీ సాగుతుంది.

రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, మళ్ళీ వాడుకోవచ్చు. కాని నొక్కితే పక్కలకు జారే గుణం దానిది. మూత అంచు చదునుగా లేకపోతే నిలవదు. ఇంజను ఆయిలుకు మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరు తట్టుకుంటుంది. షీటునుంచి కత్తిరించి ఇస్తామంటే చిన్న ముక్క అడిగి తెచ్చి, రెండు రోజులు ఇంజను ఆయిలులో వేసి చూడండి. ఉబ్బితే వద్దు.

మా సలహా ఇది: ధరను చూసి కాదు, మూతను చూసి ఎంచుకోండి. మూతను గాజు పలకమీద బోర్లించి, వెనుక దీపం పెట్టి చూడండి. వెలుతురు కనబడకపోతే రబ్బరు వేయవచ్చు. కొద్దిగా కనబడితే బెండు. బాగా కనబడితే ముందు చెక్కదిమ్మమీద పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా అంచు సరిచేయించండి. బ్రీదరు గొట్టం కూడా శుభ్రం చేయించండి. అది పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎంత మంచి ప్యాకింగునైనా ఆయిలు దాటుతుంది.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. పాత బెండు ముక్కలు ఇంజనులో పడకుండా లోపల గుడ్డ కప్పి గీకాలి, తరువాత ఆ గుడ్డ తీయడం మరువకూడదు. జిగురు పూయదలిస్తే మూత వైపు మాత్రం పలుచగా పూయండి. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి పొంగి, ముక్కలై, ఆయిలు జల్లెడకు అడ్డుపడుతుంది. అంబాసిడర్ మూతమీది రెండు నట్ల కింద చిన్న రబ్బరు బిళ్ళలు ఉంటవి, వాటినీ మార్చండి. నట్లు ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఇంగ్లండులో ఇదే వంశపు ఇంజనుకు మరమ్మతు పుస్తకం చెప్పిన బిగింపు నాలుగు పౌండు-అడుగులే. హెడ్డు నట్లకు అంతకు పది రెట్లు. కారుతున్నదని ఇంకా ఇంకా బిగించడమే మూత వంకరపోవడానికి మూలం.

కొనేటప్పుడు బండి పేరు ఒక్కటే చెబితే చాలదు. 1489 సి.సి. అంబాసిడర్‌కు వేరు, తరువాత వచ్చిన ఇసుజు 1800 ఇంజనుకు వేరు. పాత పట్టీని వెంట తీసుకుపోయి పక్కన పెట్టి చూసుకోవడం ఉత్తమం. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకు ముందే ముగిసింది. కనుక సరిపోయినది దొరికినప్పుడు రెండు తెచ్చుకోండి. బెండయితే వంగకుండా, పాలిథిన్ సంచిలో పెట్టి పరచి దాచండి.

పాత బండిని ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఆ తీర్పు మాత్రం మూత విప్పి చూచిన తరువాతనే చెప్పండి.