అగ్గిపుల్ల పట్టు
వెంకటాచలంలో 16వ నంబరు జాతీయ రహదారి పక్కన లేచిన కొత్త ఇళ్లలో, వంటింటి కబోర్డు తలుపు ఓ పక్కకి వాలిందంటే చాలు, తలుపే మార్చేద్దామంటారు. అక్కర్లేదు. తప్పు తలుపుది కాదు, చాలాసార్లు కీలుదీ కాదు. స్క్రూని పట్టుకోవాల్సిన చెక్కది. ఆ చెక్క చాలాచోట్ల పార్టికల్ బోర్డే; అంటే చెక్క ముక్కల్ని, పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన నెల్లూరు తీరాన్ని ముంచెత్తుతాయి. ఆ చెమ్మకి పొయ్యి మీది ఆవిరి తోడైతే పొట్టు ఉబ్బి, రంధ్రం గుల్లబారి, మర పట్టు జారిపోతుంది. అలాంటి చోట స్క్రూని ఇంకా గట్టిగా తిప్పడమంటే పుండును కెలకడమే. స్క్రూ ఊడదీయండి. మందు తల తుంచేసిన అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో బిగుతుగా దూర్చి, పైకి మిగిలింది బ్లేడుతో కోసేసి, రాత్రంతా ఆరనివ్వండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. గంటకే బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మర్నాడు డ్రిల్లు జోలికి పోకుండా చేత్తో, మెల్లగా తిప్పండి. ఇదే ఊళ్లో స్వర్ణభారత్ ట్రస్టు యువతకి చేతిపనుల్లో శిక్షణ ఇస్తోంది. ఇంత చిన్న మరమ్మతు బడి పిల్లలకీ, ఆడామగా తేడా లేకుండా, నేర్పాలని నా గట్టి కోరిక. కొత్తగా వంటిల్లు చేయించేవాళ్లు కనీసం సింకు కింది అరకైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.