డిగ్రీ మార్కులతోనే తేల్చేయకండి

సంపాదకులకు,

డిగ్రీలో అరవై శాతం రాని జీవశాస్త్ర విద్యార్థులు పరిశోధన ఆశ వదులుకోవాలన్న మీ వ్యాసం బాధ కలిగించింది. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు అడిగేది పీజీలో 55 శాతం. రిజర్వుడు వర్గాలకు 50. గేట్ లైఫ్ సైన్సెస్ రాయడానికి కనీస శాతమే లేదు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీఎస్ఐఆర్ నెట్‌లో 200 మార్కులకు సగం పార్ట్-సివే. అక్కడ ప్రయోగ ఫలితాన్ని చదివి ఆలోచించాలి, బట్టీ పనిచేయదు. కొన్ని సంస్థలు పీజీలో అరవై అడుగుతాయి, నిజమే. అందుకే పీజీ మార్కులనూ, ప్రాజెక్టునూ మొదటి సెమిస్టర్ నుంచే పట్టించుకోవాలి.

మా పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, ఇంగ్లిష్ పుస్తకాలతో తంటాలు పడి మొదటి ఏడాది వెనకబడినవాళ్లు. ఏ పరీక్షకు ఏ అర్హత కావాలో వాళ్లకు చెప్పేవారే లేరు. ఆ వివరాలు మీరే ప్రచురించండి.

– ఒక జువాలజీ అధ్యాపకురాలు, వరంగల్