బండి కదలకముందే కాటా చూసుకోండి

చెరకు తోట ఎంత ఏపుగా పెరిగినా, అది చూసి ఫ్యాక్టరీ వాళ్లు కటింగ్ ఆర్డరు ఇచ్చేయరు. ముందు వాళ్ల మనిషి తోటలోకొచ్చి, నాలుగు గడల రసం తీసి, బ్రిక్స్ ఎంతుందో చూస్తాడు. ఆ తర్వాతే కత్తి. బోధన్ చుట్టుపక్కల ఊళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో ఆగిపోయినా, ముందు రసం చూసుకునే ఆ పద్ధతిని జనం మరిచిపోలేదు.

ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ ప్రారంభమయ్యాక, హైదరాబాద్ పోకుండానే ఉద్యోగం అన్న ఆశ కూడా పుట్టింది. వాళ్లు నేర్చుకునే వాటిలో క్లౌడ్ డేటా వేర్‌హౌస్ ఒకటి. అంటే ఏం లేదు, లెక్కల గోదాము. కోట్ల వరుసల లెక్కలు పరాయి కంపెనీ కంప్యూటర్లలో దాచి, అవసరమైనప్పుడు ప్రశ్న వేసి జవాబు తెచ్చుకోవడం. గూగుల్ వారి బిగ్‌క్వెరీ ఇలాంటిదే.

మీ అమ్మాయి వచ్చి "నాన్నా, అకౌంటుకు నీ కార్డు నంబరు కావాలి" అందనుకోండి. ఇవ్వొచ్చా?

ఇచ్చేముందు ఒక సంగతి తెలుసుకోండి. బిగ్‌క్వెరీ మామూలు పద్ధతిలో, మీ ప్రశ్న ఎంత డేటా చదివిందో కొలిచి డబ్బు తీసుకుంటుంది. నెలకు మొదటి టెరాబైటు ఉచితం. ఆపైన టెరాబైటుకు, అమెరికా రేటు ప్రకారం, 2023 జులై నుంచి 6.25 డాలర్లు. ఇదేమంత ఎక్కువ అనిపిస్తుంది. కానీ పెద్ద టేబుల్ మీద తప్పు ప్రశ్నను ప్రోగ్రామ్ గంటకోసారి తనంతట తనే అడుగుతుంటే? "పది వరుసలు చాలు" అని రాసినా, మామూలు టేబుల్ అయితే అడిగిన కాలమ్‌లన్నీ మొత్తం చదివినట్టే లెక్క. పది గడలు అడిగి బండి మొత్తానికి డబ్బు కట్టినట్టు!

అందుకే ఎమ్యులేటర్. అసలు గోదాములా నటించే నకలు. జపాన్ ప్రోగ్రామర్ ఒకరు తయారుచేసిన బిగ్‌క్వెరీ ఎమ్యులేటర్ ఉచితంగానే దొరుకుతుంది. లోపల ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పనిచేస్తుంది. దాన్ని సొంత ల్యాప్‌టాప్‌లో నడిపి, ప్రోగ్రామ్‌కు గూగుల్ చిరునామా బదులు మన కంప్యూటర్ 9050 పోర్టు ఇస్తే చాలు. కార్డు అక్కర్లేదు. ఒకసారి దించుకుంటే నెట్ పోయినా పని ఆగదు. మన ఊళ్లలో ఇదేం చిన్న సుఖం కాదు.

ఇందులో ఏం పరీక్షించాలి? చెరకు బిల్లుల లెక్కే తీసుకుందాం. ఓ ఇరవై వరుసలు చాలు, కానీ తిక్క వరుసలు ఉండాలి. తూకం గడి ఖాళీగా ఉన్న బండి ఒకటి పెట్టండి. ఖాళీని రేటుతో గుణిస్తే ఖాళీయే వస్తుంది, మొత్తం కూడేటప్పుడు ఆ బండి చప్పుడు చేయకుండా జారిపోతుంది. రైతుకు ఒక బండి డబ్బు తగ్గుతుంది, తెర మీద మాత్రం ఏ ఎర్ర గుర్తూ కనిపించదు. తెల్లవారుజామున మూడింటికి కాటా వేసిన బండి మరొకటి. బిగ్‌క్వెరీ, మనం చెప్పకపోతే, అంతర్జాతీయ సమయాన్నే పట్టుకుంటుంది. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. కాబట్టి ఆ బండి నిన్నటి ఖాతాలో పడుతుంది. సీజన్లో గానుగ రాత్రింబవళ్లు ఆడుతుంది కనుక ఇది ఒకటి రెండు బండ్ల గొడవ కాదు. తేదీ తీసేచోట ఆసియా/కోల్‌కతా అని రాస్తే సరిపోతుంది. నిజామాబాద్ పసుపు యార్డు లెక్కలు రాసేవాళ్లు ఖాళీ గడి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి.

నకలు నకలే, అదీ చెప్పాలి. అసలు దాంట్లోని కొన్ని సౌకర్యాలు ఇందులో లేవు. ఎవరికి ఏ అనుమతి ఉందో ఇది పట్టించుకోదు. బిల్లు ఎంతవుతుందో చెప్పదు. లక్షల వరుసలు పోస్తే ఆయాసపడుతుంది. ఇక్కడ పాసయిందని నేరుగా కంపెనీ పనికి పెట్టేయడం నా దృష్టిలో దుస్సాహసమే. అసలు గోదాములో ముందు "డ్రై రన్" చేయాలి. ప్రశ్న నడవకుండానే ఎంత డేటా చదవాల్సి వస్తుందో చెబుతుంది, దానికి డబ్బు లేదు. ప్రశ్నకు ఇన్ని బైట్లు దాటకూడదని గరిష్ఠ పరిమితి కూడా పెట్టొచ్చు. బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అని మాత్రం నిద్రపోవద్దు. అది మెయిల్ పంపుతుంది, ఖర్చును ఆపదు.

ఇంకొకటి. పరీక్ష కోసమని అసలు రైతుల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ల్యాప్‌టాప్‌లోకి దించుకునే పిల్లలు ఉంటారు. వద్దని చెప్పండి. ఇరవై వరుసలకు ఉత్తుత్తి పేర్లు రాసుకోవడానికి పావుగంట పడుతుంది, అంతే.